ఒకే అంకె, రెండు అంకెలు, ఒక్క మాట: కొత్త ఏడాది లక్ష్యం ఎలా రాసుకుంటే మేలు?

డిసెంబరు చివర్లో పాత డైరీ తిరగేస్తే చాలామందికి ఒకే బొమ్మ కనిపిస్తుంది. జనవరి పేజీల నిండా టిక్కులు, మార్చికి సగం, జూన్ దాటాక తెల్ల కాగితాలు. దీనికి మన భాషలో ఆరంభశూరత్వం అనే పేరు ఉండనే ఉంది. ఆ పేరుతో వచ్చిన చిక్కేమిటంటే, తప్పంతా మనిషి నెత్తిన పడుతుంది, లక్ష్యం రాసుకున్న తీరు మాత్రం చల్లగా తప్పించుకుంటుంది. ముందు నిలదీయాల్సింది దాన్నే.

"ఈసారి కాస్త తేలిగ్గా పెట్టుకుందాం" అనుకునేవాళ్లకు మూడు దారులున్నాయి. ఒకటి, పాత పద్ధతిలోనే ఉంటూ అంకె తగ్గించుకోవడం: "ఏడాదికి 24 పుస్తకాలు" కాస్తా "12 పుస్తకాలు" అవుతుంది. రెండోది, కింద ఒక అంకె, పైన ఒక అంకె పెట్టుకోవడం: "నెలకు తక్కువలో తక్కువ 1, ఎక్కువలో ఎక్కువ 3". మూడోది, అంకెల జోలికే పోకుండా ఏడాదికో మాట ఎంచుకోవడం: "చదువు", "నెమ్మది", "ఆరోగ్యం", ఇలా.

తీర్పు ముందే చెప్పేయవచ్చు. చాలామందికి, చాలా పనులకు రెండోదే మేలు. కొన్ని పనుల్లో ఒకే అంకెకు ఇప్పటికీ సాటి లేదు. ఇక ఒక్క మాట చూడ్డానికి అన్నిటికంటే మెత్తన, కానీ ఏడాది చివర ఎక్కువగా గుచ్చుకునేదీ అదే.

పాత ఏడాది లెక్క: గుర్తున్నదా, రాసి ఉన్నదా?

కొత్త అంకె ఎంతుండాలో తేలాలంటే ముందు పాత అంకె తెలియాలి. ఇక్కడ కూడా రెండు పద్ధతులు. కళ్లు మూసుకుని ఏడాదంతా గుర్తు చేసుకోవడం ఒకటి, ఆధారాలు ముందేసుకుని లెక్కపెట్టడం ఇంకొకటి. మొదటిదానికి పది నిమిషాలు చాలు, కానీ దాన్ని నమ్ముకోలేం. మనసుకు గుర్తుండేది మానేసిన రోజు, సిగ్గుపడ్డ రోజు, ఈమధ్య గడిచిన రెండు మూడు వారాలు. "ఏం చేశాను, ఏమీ లేదు" అన్న మాట సాధారణంగా అక్కణ్నుంచే వస్తుంది.

రెండోదానికి గంట, గంటన్నర పడుతుంది. ఫోన్‌లోని అడుగుల లెక్క, క్యాలెండర్, ఫొటోల తేదీలు, చదివిన పుస్తకాల జాబితా, బ్యాంకు స్టేట్‌మెంట్, ఏవి ఉంటే అవి తీయండి. ఒక కాగితం అడ్డంగా పెట్టి 12 నెలలకు 12 గడులు గీయండి. లక్ష్యానికో వరుస. ఒక్కో గడిలో ఆ నెల ఎన్నిసార్లు జరిగిందో అంకె మాత్రమే వేయండి. బాగుందనీ బాగాలేదనీ వ్యాఖ్యలు వద్దు. అంకెలన్నీ పడ్డాక, ఒక్కసారిగా పడిపోయిన నెల కింద ఆ నెలలో ఏం జరిగిందో నాలుగు మాటల్లో రాయండి: "ఇల్లు మారాం", "ఆఫీసు వేళలు మారాయి", "జ్వరం".

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. లక్ష్యం: వారానికి 5 రోజులు, రోజుకు 45 నిమిషాల నడక. అంటే ఏడాదికి 260 రోజులు. కాగితం మీద తేలిన లెక్క: జనవరి 19, ఫిబ్రవరి 16, మార్చి 12, ఏప్రిల్ 4, మే 0, జూన్ 2, జూలై 9, ఆగస్టు 10, సెప్టెంబరు 8, అక్టోబరు 9, నవంబరు 7, డిసెంబరు 6. మొత్తం 102. జ్ఞాపకాన్ని అడిగితే "మార్చితోనే మానేశా" అంటుంది. కాగితం వేరే మాట చెబుతోంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బండి పట్టాలు తప్పింది, ఆ తర్వాత ఆరు నెలలూ వారానికి దాదాపు రెండు రోజుల చొప్పున ఏ హడావుడీ లేకుండా నడక సాగింది. 260 అన్న అంకె పక్కన పెట్టి చూస్తే 102 ఓటమి. ఎవరూ తరమకుండా నిలబడిన వేగం ఎంత అని చూస్తే, కొత్త ఏడాదికి కావలసిన అసలు సమాచారం ఆ రెండో సగంలోనే ఉంది.

తర్వాత ఒక్కో లక్ష్యం పక్కన, అది ఎందుకు ఆగిందో రాయాలి. అనుభవంలో కారణాలు నాలుగైదుకు మించవు: అంకె పెద్దది, వేళ కుదరలేదు, వేరేవాళ్ల మీద ఆధారపడింది, అసలు ఇప్పుడు అక్కర్లేదు. చివరిది తేలితే సంకోచించకుండా కొట్టేయండి. మూడేళ్లుగా ఒక జాబితా నుంచి ఇంకో జాబితాకు మోసుకొస్తున్న లక్ష్యం ఉంటే దాని మీద గీత గీసి, పక్కన తేదీ వేసి "వదిలేశాను" అని రాయడం మంచిది. "చేయలేకపోయాను" వేరు, ఇది వేరు.

ఒకే అంకె

దీని బలం చిన్నదేం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధనల సారం ఇదే: "చేతనైనంత చేయండి" అని వదిలేస్తే వచ్చే ఫలితం కంటే, స్పష్టంగా, కాస్త కష్టంగా ఉన్న లక్ష్యం ఇస్తే వచ్చే ఫలితం మెరుగు. అయితే దానికి షరతులున్నాయని కూడా వాళ్లే చెప్పారు. చేసే సత్తా ఉండాలి, లక్ష్యం మీద నిజమైన పట్టుదల ఉండాలి, ఎక్కడున్నామో ఎప్పటికప్పుడు తెలుస్తుండాలి. కొత్త ఏడాది తీర్మానాల్లో లోపించేవి ఇవే, ముఖ్యంగా మూడోది.

ఇంకో తంటా అంకె వేసే వేళతోనే వస్తుంది. సెలవుల్లో, కడుపులో చల్ల కదలకుండా కూర్చున్న మనిషి వేసిన అంకెను మార్చి నెల పని ఒత్తిడిలో ఉన్న మనిషి మోయాలి. మన అంచనాల్లో ఎంత అత్యాశ ఉంటుందో 1994లో అచ్చయిన ఒక అధ్యయనం చూపింది. పరిశోధన వ్యాసం ఎన్నాళ్లలో ముగిస్తారని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టింది దాదాపు 56.

పైగా ఒకే అంకెకు వెనకబడితే బాకీ పేరుకుంటుంది. 24 పుస్తకాల వాళ్లు జూన్ చివరికి 7 చదివితే మిగిలిన ఆరు నెలల్లో 17 చదవాలి. నెలకు 2 కుదరనివాళ్లకు నెలకు 3 ఎక్కడ కుదురుతుంది? అక్కడే "ఎలాగూ తప్పింది, ఇక ఎంత తప్పితే ఏం" అన్న ధోరణి మొదలవుతుంది. ఆహార నియమాలు పాటించేవాళ్లలో జానెట్ పొలివీ, పీటర్ హెర్మన్ దీన్ని వివరంగా పరిశీలించారు. నియమం ఒక్కసారి తప్పిందని అనిపించాక మనిషి ఆగడం మానేసి ఇంకా ఎక్కువ తినేస్తాడు. 24ను 12 చేసినా ఈ జబ్బు పోదు, కాస్త ఆలస్యంగా వస్తుంది అంతే.

మరి ఒకే అంకె ఎక్కడ పనికొస్తుంది? సగం చేస్తే విలువ లేని పనులకు. తేదీ ఖరారైన పరీక్ష, తీర్చాల్సిన అప్పు, ఒప్పుకున్న పరుగు పందెం. వీటికి కనిష్ఠం, గరిష్ఠం అంటూ కూర్చుంటే అసలుకే ఎసరు.

ఒక్క మాట

ఎక్కడికైనా రమ్మని పిలిస్తే వెళ్లాలా వద్దా, కొత్త పని ఒప్పుకోవాలా వద్దా వంటి నిర్ణయాలకు ఒక మాట మనసులో ఉంటే ఉపయోగమే. చిక్కు డిసెంబరులో వస్తుంది. "నెమ్మది" నెరవేరిందా? ఆ రోజు మనసు బాగుంటే అవును, లేకపోతే కాదు. కొలత లేని చోట నేరారోపణకూ అంతు ఉండదు. అందుకే మెత్తని లక్ష్యం అంటే మసకగా ఉన్న లక్ష్యం అనుకోవద్దు.

జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లు, ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ఈ ఏడాదికి ఒక్క మాటతో సరిపెట్టుకోవచ్చు. వచ్చే నెల ఎలా ఉంటుందో తెలియని చోట అంకె వేయడం మొండితనం. వాళ్లు కూడా ప్రతి నెలా 1న, ఆ మాట వల్ల ఏ ఒక్క నిర్ణయం మారిందో ఒక వాక్యం రాసుకుంటే చివరికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

రెండు అంకెలు

కింది అంకె అందుబాటులో ఉంటుంది, పై అంకె ఊరిస్తుంది. మార్కెటింగ్ పరిశోధకులు మౌరా స్కాట్, స్టీఫెన్ నౌలిస్ 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే అంకె పెట్టుకున్నవాళ్ల కంటే ఇలా తక్కువ-ఎక్కువ పెట్టుకున్నవాళ్లే అదే లక్ష్యానికి మళ్లీ తిరిగి రావడానికి ఎక్కువ మొగ్గు చూపారు. ఏడాది పొడవునా సాగాల్సిన పనికి ఈ తిరిగి రావడమే ప్రాణం.

అంకెలు ఎలా తేల్చాలి? నడక కాగితానికే మళ్లీ వద్దాం. 12 నెలల అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చండి: 0, 2, 4, 6, 7, 8, 9, 9, 10, 12, 16, 19. నడిమి రెండు 8, 9. వాటి సగటు 8.5. అందులో ముప్పాతిక చూస్తే 6 చిల్లర. కింది అంకె 6. పై అంకెకు పెద్దవాటిలో మూడోదాన్ని తీసుకోండి, అంటే 12. జనవరి నాటి 19 వద్దు, అది పండగ ఊపులో వచ్చిన అంకె. ఇది శాస్త్ర సూత్రం కాదు, వాడుక లెక్క. సరిచూసుకునే తీరు మాత్రం ఉంది: ఈ కింది అంకె పోయిన ఏడాదే ఉండి ఉంటే ఎన్ని నెలలు దాటేవాళ్లు? 12లో 9. ఎనిమిది, తొమ్మిది నెలలు దాటేలా ఉంటే అంకె సరిగ్గా ఉన్నట్టు. 12కు 12 దాటితే మరీ పల్చన, ఆరు కంటే తక్కువైతే ఇంకా బరువే.

పని పరిమాణం కూడా తగ్గాలి. 45 నిమిషాల నియమం ఉన్నప్పుడు 20 నిమిషాలు నడిచిన రోజు సున్నా కిందే పోయింది. కొత్త లెక్కలో 15 నిమిషాలు దాటితే టిక్కు.

ఈ పద్ధతి చెడేది ఎక్కువగా మూడు చోట్ల. ఫిబ్రవరిలో ఉత్సాహం వచ్చి కింది అంకె పెంచేస్తారు. పన్నెండు వారాలు నిండే దాకా దాన్ని ముట్టుకోకూడదు. రెండోది, పై అంకెను కూడా గురిగా చూస్తారు. అది గురి కాదు, పైకప్పు. జనవరిలో 12 దాటాక ఆ నెలకు లెక్క ఆపేయాలి, నడవాలనిపిస్తే నడవండి కానీ టిక్కు వేయొద్దు. మూడోది, "ఈ నెల 10 చేశాగా, వచ్చే నెల 2 చాలు" అనే సర్దుబాటు. మిగులూ బాకీ రెండూ పై నెలకు పోకూడదు. బాకీ పోకపోవడమే ఈ పద్ధతిలోని దయ.

రోజూ చేయాల్సిన పనులకు, అంటే భాష సాధన, వ్యాయామం లాంటివాటికి, ఈ రెండు అంకెల కంటే మినహాయింపు రోజులు బాగా పనిచేస్తాయి. మరీసా షరీఫ్, సుజాన్ షూ 2017లో ప్రచురించిన పరిశోధనలో, "వారానికి 7 రోజులు, అత్యవసరమైతే 2 రోజులు మినహాయింపు" అన్న లక్ష్యం ఉన్నవాళ్లు 7 రోజుల లక్ష్యం వాళ్ల కంటే, 5 రోజుల లక్ష్యం వాళ్ల కంటే కూడా బాగా నిలబడ్డారు. మినహాయింపు చేతిలో ఉందని తెలిస్తే దాన్ని ఊరికే ఖర్చు చేయబుద్ధి కాదు మరి.

ఏడాదా, పన్నెండు వారాలా?

పన్నెండు వారాలే. ఫిలిప్పా లాలీ బృందం యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో 96 మందిని 12 వారాల పాటు గమనించి, ఒక పని అలవాటుగా స్థిరపడటానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టిందని, మనిషిని బట్టి, పనిని బట్టి ఆ అంచనా 18 నుంచి 254 రోజుల దాకా ఉందని తేల్చింది. అందరూ చెప్పే 21 రోజుల మాట ఇక్కడ నిలవదు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదన్నది అదే అధ్యయనంలోని మరో విషయం. 12 వారాలంటే 84 రోజులు, 13వ వారం సమీక్షకు. ఏడాదిలో ఇలాంటివి నాలుగు పడతాయి. ఒకసారికి మూడు లక్ష్యాలకు మించవద్దు.

మానేస్తానా, చేస్తానా?

2020లో అచ్చయిన స్వీడన్ అధ్యయనంలో 1,066 మంది కొత్త ఏడాది తీర్మానాలను ఏడాది పాటు గమనించారు. "చేస్తాను" అని పెట్టుకున్నవాళ్లలో 58.9 శాతం మంది, "మానేస్తాను" అని పెట్టుకున్నవాళ్లలో 47.1 శాతం మంది నెగ్గామని చెప్పుకున్నారు. ఎవరికి వాళ్లు చెప్పుకున్న లెక్కే అయినా, వాక్యం తిప్పి రాయడానికి ఖర్చేమీ లేదు. "రాత్రి ఫోన్ చూడను" అనే బదులు "పదిన్నరకు ఫోన్‌ను ముందు గదిలో ఛార్జింగ్‌కు పెడతాను". దానికి వేళా, చోటూ తగిలిస్తే ఇంకా మంచిది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలో చాలా భాగం "ఇది జరిగితే అది చేస్తాను" అన్న వాక్యం చుట్టూ తిరుగుతుంది.

ఇవన్నీ కలిపి, నెలకు బదులు నాలుగు వారాల లెక్కన రాస్తే మన నడక లక్ష్యం కాగితం మీద ఇలా ఉంటుంది:

"జనవరి 1 నుంచి మార్చి 25 దాకా, నాలుగు వారాలకు తక్కువలో తక్కువ 6, ఎక్కువలో ఎక్కువ 12 నడకలు. ఒక్కోటి కనీసం 15 నిమిషాలు. ఆఫీసు నుంచి ఇంటికి రాగానే బూట్లు విప్పకుండా బయటికి. వాన పడితే మేడ మీద వరండాలో."

మొదటి నాలుగు వారాల్లో 6 దాటకపోతే అంకె మార్చకండి, ముందు వేళ మార్చి చూడండి. రెండో నాలుగు వారాల్లోనూ దాటకపోతే 15 నిమిషాల్ని 8 చేయండి. మూడోసారీ అంతే అయితే 13వ వారంలో కాగితం ముందేసుకుని, ఈ నడక కావాలా అన్న ప్రశ్న అడగండి. అక్కర్లేదన్న జవాబు వస్తే తేదీ వేసి గీత గీయండి.