పాత జపాన్ ఎలక్ట్రిక్ గిటారు: పైన ఒక కట్టె, లోన ఇంకో కట్టె

ఏడెనిమిదేళ్లుగా వాయిస్తున్న గిటారు ఇది. కాజీపేటలో క్వార్టర్ ఖాళీ చేస్తున్న ఒక రైల్వే కుటుంబం దగ్గర కొన్నాను. హెడ్‌స్టాక్ (మెడ చివరి తల) మీద కంపెనీ పేరు ఎప్పుడో చెరిగిపోయింది. మెడ బిగించిన స్టీలు ప్లేటు మీద ‘మేడిన్ జపాన్’ అన్న అచ్చు మాత్రం మిగిలింది. చూడగానే 1970ల సరుకని తెలుస్తుంది.

అమ్మినాయన ‘బాడీ అంతా యాష్, లోపల మహాగనీ’ అన్నాడు. యాష్ ఒక లేత రంగు కట్టె, మహాగనీ ఎర్రటిది. రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయో ఆయనే చెప్పాలి! పైసలిచ్చే ముందే స్క్రూడ్రైవర్ అడిగి వెనక మూత విప్పాను. పాత గిటారు కట్టె తెలుసుకోవాలంటే చూడాల్సింది పాలిష్ కొట్టిన ముఖం కాదు, వైర్లు దాచిన గుంత. అక్కడ రంగు పలచగా ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు.

గుంత గోడలో కథంతా ఉంది. పైనా కిందా పలచని తెల్లటి పొర, మధ్యలో మందంగా ఎర్రటి కట్టె. బాడీ అంచుల చుట్టూ నల్లరంగు కొట్టింది ఈ అతుకు కనబడకుండా ఉండటానికే. గిటారు పొడవుకు అడ్డంగా ఉన్న గోడను బ్లేడుతో కొద్దిగా చెక్కి, కంసాలులు వాడే భూతద్దం పెట్టి చూస్తే, కట్టెలోని విడివిడి రంధ్రాల మధ్య తెల్లటి చుక్కలు వరసగా గీత గీసినట్టు కనబడ్డాయి. అది అతికించిన జిగురు కాదు, చెట్టులోనే ఊరి గట్టిపడిన జిగురు. మహాగనీలో ఇట్లాంటి చుక్కల వరస ఉండదు. ఇది లువాన్, మన గుగ్గిలం చెట్టుకు చుట్టం. బజార్లో దీన్ని ‘ఫిలిప్పీన్ మహాగనీ’ అని అమ్మేవాళ్లు గానీ మహాగనీ కుటుంబంతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఈ ఒక్క మాట మీద బేరం బాగానే దిగింది.

ముఖం మీది పొర యాష్ లాగే కనబడుతుంది. జపాన్ వాళ్లు అదే తీరు గీతలున్న సెన్ అనే తమ కట్టెను ఎక్కువగా వాడేవాళ్లు, కేటలాగుల్లో దాన్నీ యాష్ అనే రాసేవాళ్లు. అందుకే నేనైతే సెన్ అనే లెక్కేస్తాను.

మెడ మేపుల్: లేత రంగు, కంటికి రంధ్రాలే కనబడవు. ఫింగర్‌బోర్డు (మెడ మీద వేళ్లతో నొక్కే పలక) సంగతి తేల్చింది హన్మకొండలో మాకు తలుపులు చేసిన వడ్లాయన. ఒక మూల గీకి వాసన చూసి ‘జిట్రేగి సార్ ఇది’ అన్నాడు. అదే రోజ్‌వుడ్. విదేశాలకు పంపే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట: 2017లో రోజ్‌వుడ్ జాతి మొత్తాన్నీ సైటిస్ (ప్రమాదంలో ఉన్న చెట్లు, జంతువుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) ఆంక్షల కిందికి తెచ్చారు, పూర్తిగా తయారైన వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ సడలింపు లేదు.

ఇక వాడకం. లువాన్ అని తెలిశాక సౌండు తగ్గిందా అని మిత్రులు అడుగుతారు. లేదు. పికప్ (తీగల కింద ఉండే, అయస్కాంతం మీద రాగితీగ చుట్టిన ముక్క) పట్టుకునేది స్టీలు తీగ కదలికను. తీగలు మార్చినా, పికప్ ఎత్తు కాస్త సర్దినా వచ్చే తేడా ముందు కట్టె తేడా చాలా చిన్నది. పికప్ సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్నది) కాబట్టి ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర గుయ్యిమంటుంది, దానికి కట్టె ఏం చేస్తుంది?

కట్టె తేడా తెలిసేది ఎండాకాలంలో. వరంగల్ మే నెల ఎండకు ఫింగర్‌బోర్డు ఎండి కుంచించుకుపోతుంది, ఫ్రెట్ల (దాని మీది లోహపు పట్టీల) కొనలు బయటికొచ్చి అరచేతికి గీరుకుంటాయి. వానలు పడగానే మెడ వంపు మారి తీగలు పైకి లేస్తాయి, మెడ లోపలి ఉక్కు కడ్డీ, ట్రస్ రాడ్, కాస్త తిప్పాలి. మేపుల్ మెడ ఇన్నేళ్లలో మెలి తిరగలేదు. ఈ గిటారులో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

లువాన్ మెత్తన, స్క్రూ పట్టు నిలవదు. భుజం బెల్టు తగిలించే బొత్తాం స్క్రూ ఊడివస్తుంటే, రంధ్రంలో సన్నని టేకు పుల్ల ఫెవికాల్‌తో దిగ్గొట్టి, ఆరాక మళ్లీ బిగించాను. ఇలాంటి గిటారు కొంటే ఆ బొత్తాన్ని ముందే లాగి చూడండి.