పాత ఇంగ్లీషును మూలంలో చదవాలంటే ముందు ఏది మేలు: బేవుల్ఫా, క్రానికలా, ఆల్ఫ్రికా?

ఎం.ఏ. ఇంగ్లీషులో చేరినవాళ్లు ఏటా అడిగే ప్రశ్న ఇది. నెట్ పరీక్ష కోసమే అయితే మూలం జోలికి పోనక్కర్లేదు, మంచి అనువాదం చాలు. మూలమే చదవాలని పట్టుబట్టేవాళ్ల ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి 3182 పాదాల వీరగాథా కావ్యం బేవుల్ఫ్. రెండోది ఆల్ఫ్రెడ్ రాజు కాలంలో, 890ల ప్రాంతంలో కూర్పు మొదలై, పీటర్‌బరో ప్రతిలో 1154 దాకా సాగిన ఆంగ్లో-సాక్సన్ క్రానికల్, అంటే ఏడాదివారీ పద్దులుగా రాసిన చరిత్ర. మూడోది పదో శతాబ్దం చివర ఆల్ఫ్రిక్ రాసిన వచనం. (ఆల్ఫ్రెడ్ రాజు, ఆల్ఫ్రిక్ సన్యాసి. మధ్యలో సుమారు నూరేళ్లున్నాయి. పరీక్ష పేపర్లలో ఇద్దర్నీ ఒకణ్ణి చేసేయకండి.)

పేరు గొప్పది కాబట్టి చాలామంది బేవుల్ఫ్‌నే ముందు తెరుస్తారు, యాభై పాదాలు దాటకుండానే మూసేస్తారు. మాటలు కష్టంగా ఉన్నాయంటారు. మాటలదేముంది, నిఘంటువు తిరగేస్తే దొరుకుతాయి. ఎవరు ఎవర్ని కొట్టారో మాత్రం నిఘంటువు చెప్పదు, విభక్తి చెప్పాలి. ఏది ముందు చదవాలన్నది నా లెక్కలో ఈ ఒక్క దాని మీదే తేలుతుంది.

ఈ వాక్యం చూడండి: సె కునింగ్ స్లోహ్ థొనె బిషొప్. రాజు బిషప్పును చంపాడు. (కునింగ్‌లో మొదటి ఉకారాన్ని, నోట్లో 'ఇ' పెట్టుకుని పెదాలు 'ఉ'కు గుండ్రంగా చుట్టి పలకాలి.) కునింగ్ కర్త అయినా కర్మ అయినా రూపం మారదు, బిషొప్ కూడా అంతే. తేడా అంతా ముందున్న చిన్న మాటలో ఉంది. సె అంటే కర్త, థొనె అంటే కర్మ, థ్యాస్ అంటే 'యొక్క', థ్యామ్ అంటే 'కి'. వాక్యాన్ని తిరగేసి థొనె బిషొప్ స్లోహ్ సె కునింగ్ అన్నా చచ్చింది బిషప్పే. 'బిషప్పును రాజు చంపాడు' అంటే మనం తడబడతామా? నేటి ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడు తడబడతాడు.

ఇక హుంత అనే మాట తీసుకోండి, వేటగాడు అని అర్థం. హుంతన్ అని కనిపిస్తే అది వేటగాణ్ణి కావచ్చు, వేటగాడి కావచ్చు, వేటగాడికి కావచ్చు, వేటగాళ్లు, వేటగాళ్లను కూడా కావచ్చు. ఒకే రూపానికి ఐదు పనులు. వచనంలో థొనె హుంతన్, థ్యాస్ హుంతన్, థ్యామ్ హుంతన్ అని పక్కనున్న మాట విడదీసి చూపిస్తుంది. కవిత్వంలో ఆ చిన్న మాటలే తరచు ఎగిరిపోతాయి. విభక్తులు ఇంకా చేతికి రానివాడు బేవుల్ఫ్ పట్టుకుంటే జరిగేది ఇదే: ఆనవాళ్లు పీకేసిన దారిలో నడవడం.

బేవుల్ఫ్ ఎత్తుగడ చూడండి. 'హ్వాట్. వే గార్‌దెనా ఇన్ యార్‌దగుమ్, థేఒద్‌కునింగా, థ్రుమ్ యెఫ్రూనొన్.' వరుస మార్చకుండా మాటకు మాట పెడితే: 'మేము ఈటెల డేనుల, పాత రోజుల్లో, జనాల రాజుల, ప్రతాపం విన్నాం.' (డేనులంటే డెన్మార్కు జనం.) క్రియ చివర పడింది, తెలుగులో చక్కగా ఒదిగింది. నేటి ఇంగ్లీషులోకి తేవాలంటే దీన్ని విరిచి మళ్లీ కట్టాలి. చిక్కు ఎక్కడంటే, ఈటెల డేనులు వేరు, జనాల రాజులు వేరు అనుకుంటారు. ఇద్దరూ ఒకటే, పేరు మార్చి రెండోసారి చెప్పాడు కవి. ఈ పునరుక్తి బేవుల్ఫ్ నిండా ఉంటుంది. దాన్ని పట్టాలంటే రెండు మాటలూ ఒకే విభక్తిలో ఉన్నాయని చూడగానే తెలియాలి.

అందుకే ముందు ఆల్ఫ్రిక్. అందులోనూ ఆదికాండము 22వ అధ్యాయం, అబ్రాహాము కొడుకును బలి ఇవ్వబోయే కథ. తెలుగు బైబిలు చదివినవాళ్లకు కథ ముందే తెలుసు కాబట్టి దృష్టంతా వ్యాకరణం మీద పెట్టవచ్చు. దేవుడి ఆజ్ఞ ఇలా మొదలవుతుంది: 'నిమ్ థీన్నె ఆన్‌కెన్నెదన్ సును ఇసాక్, థె థూ లువస్ట్.' నువ్వు ప్రేమించే నీ ఒక్కగానొక్క కొడుకు ఇస్సాకును తీసుకో. సును అన్న మాట కర్తగా ఉన్నా ఇలాగే ఉంటుంది. థీన్నె చివరి 'నె' చూడండి, థొనెలో ఉన్నదే. ఆ ఒక్క 'నె' పట్టుబడితే పుంలింగ ఏకవచన కర్మ ఎక్కడున్నా కనిపిస్తుంది. ఆల్ఫ్రిక్ వర్ణక్రమం కూడా చాలావరకు నిలకడగా ఉంటుంది, ఒకే మాటను మూడు రకాలుగా వెతుక్కునే బాధ తక్కువ.

మనకు ఇంకో వెసులుబాటుంది. హిమ్ థూహ్తె అంటే అతనికి అనిపించింది. హిమ్ లీకొదె అంటే అతనికి నచ్చింది. అనిపించడానికీ నచ్చడానికీ 'కి' ఎందుకో మనకెవరూ వివరించనక్కర్లేదు.

ఆల్ఫ్రిక్ దగ్గర ఒక గుంట ఉంది. మొదటి పాఠంగా చాలామందికి అంటగట్టే సంభాషణల పుస్తకం, కొలోక్వీ. దున్నేవాడు, వేటగాడు, చేపలు పట్టేవాడు తమ పనుల గురించి చెబుతారు. రోజుకు ఎకరమో ఆపైనో దున్నాలని, చాలా కష్టమని దున్నేవాడు అంటాడు, 'నేను స్వతంత్రుణ్ణి కాను కదా' అంటాడు. చదవడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆల్ఫ్రిక్ రాసింది లాటిన్‌లో. ఒక ప్రతిలో లాటిన్ మాటల పైన పాత ఇంగ్లీషు మాటలు ఎవరో వరసగా రాశారు. ఆ వాక్యక్రమం లాటిన్‌ది. వృత్తుల మాటల కోసం చదవండి, వాక్యం నేర్చుకోవడానికి వద్దు.

రెండో మెట్టు క్రానికల్. తొలి సంవత్సరాల పద్దులు ఒకటి రెండు వాక్యాలే, కాబట్టి సులువనిపిస్తుంది. అందులో హేర్ అంటే 'ఈ ఏడు', పద్దు మొదట్లో వస్తుంది. హెరె అంటే దోపిడీ సేన. హ్రస్వదీర్ఘాలు తెలిసిన మనకు ఈ తేడా పెద్ద లెక్క కాదు, అయితే చేతిరాత ప్రతుల్లో దీర్ఘం గుర్తు మామూలుగా ఉండదు, నేటి పాఠ్యపుస్తకాల్లోనే పెడతారు. హెరె అంటే సాధారణంగా డేన్ల దండు, ఫుర్ద్ అంటే ఇంగ్లీషువాళ్ల దండు. ఏడో శతాబ్దం చివరి ఈనె రాజు చట్టంలో ఏడుగురి దాకా దొంగలు, ఏడు నుంచి 35 దాకా ముఠా, 35 దాటితే హెరె. ఈ రెండు మాటలు తెలియకుండా 871 నాటి తొమ్మిది యుద్ధాల పద్దు చదివితే ఎవరు ఎటు పరుగెత్తారో అర్థం కాదు.

755 పద్దును మాత్రం తొందరపడి తెరవకండి. కునెవుల్ఫ్ రాజును కునెహెఅర్ద్ చంపిన ఆ కథ బాగా పేరున్నదే. కానీ 'వాళ్లు', 'వాడు' అన్న సర్వనామాలు పక్షం మార్చుకుంటూ పోతాయి, ఎవరి మనుషులో పెన్సిలుతో పక్కన రాసుకోవాలి. సంవత్సరం కూడా నమ్మకండి. రాజు గద్దెనెక్కింది 757లో, చచ్చింది 786లో, రెండూ ఒకే పద్దులో ఇరికించారు.

పాత ఇంగ్లీషు కవితల చేతిరాత సంపుటి ఎక్సెటర్ గ్రంథంలోని పొడుపుకథలు సరదాకు చదవచ్చు. కాడ్‌మన్ స్తోత్రం తొమ్మిది పాదాలే, ఒక సాయంత్రం పని. శాసనాలు, దానపత్రాలు తర్వాత సంగతి.

తర్వాత మాల్డన్ యుద్ధగీతం, మొదలూ చివరా పోయి మిగిలింది 325 పాదాలు. అది దాటాక బేవుల్ఫ్. అప్పటికి యతి మీకు దారి చూపుతుంది: పాదం రెండు సగాలుగా ఉంటుంది, రెండో సగం మొదటి బలమైన అక్షరం, మొదటి సగంలోని ఒకటో రెండో బలమైన అక్షరాలతో కలవాలి. అచ్చులన్నీ ఒకదానితో ఒకటి చెల్లుతాయి, మన యతికన్నా సడలింపే. మనిషికి బెఓర్న్, గుమ, రింక్, సెజ్ అంటూ అన్ని పర్యాయపదాలెందుకో అక్కడ తెలుస్తుంది.

బేవుల్ఫ్‌ను మొదటి పాదం నుంచి కాక 702 నుంచి తెరవండి. చీకట్లో గ్రెండెల్ అనే రాక్షసుడు సభామందిరం వైపు వచ్చే ఘట్టం. 702, 710, 720 పాదాల్లో కోమ్, కోమ్, కోమ్, 'వచ్చాడు' అని మూడుసార్లు, క్రియ ముందు పెట్టి, కొట్టినట్టు చెబుతాడు.