లక్షి నుంచి లక్ష్మి దాకా ఏడు సిట్టింగులు

2017 చైత్రంలో ఒడిశాలోని మా రాయగడ మజ్జిగౌరమ్మ జాతరలో కుడి ముంజేతి మీద అమ్మ పేరు టాటూ వేయించుకున్నాను. వేసినవాడికి తెలుగు రాదు. నేను కాగితం మీద రాసిచ్చిన అక్షరాలను చూసి బొమ్మ గీసినట్టు గీశాడు. తప్పు అతనిదో నాదో ఇప్పటికీ తేలలేదు. నేను చదివింది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడటమే తప్ప, చదవడం అప్పట్లో కూడబలుక్కునే. (ఇప్పుడు ఇంత రాస్తున్నానంటే ఫోన్ పుణ్యం.) పార్వతీపురం నుంచి వచ్చిన మా మేనత్త కొడుకు నా చెయ్యి పట్టుకుని "ఈ లక్షి ఎవరు బావా? ఇంట్లో తెలుసా?" అని అడిగేదాకా కింద మ వత్తు లేదన్న సంగతి నా కంటికి ఆనలేదు.

వత్తు పెట్టించేస్తే పోయేదే. కానీ సరిగ్గా ఆ వత్తు ఉండాల్సిన చోట ఎర్ర గులాబీ, దానికి రెండు పచ్చటి ఆకులు ఉన్నాయి. వంద రూపాయలు ఎక్కువిచ్చి మరీ వేయించుకున్న గులాబీ!

మొదట చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను. 2021లో ఒక పార్లర్‌లో "లేజర్‌తో తీసేస్తాం" అంటే వెళ్లి కూర్చున్నాను. అది లేజరే కాదు, వెంట్రుకలు తీయడానికి వాడే ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) మెషిన్. ఆ సంగతి తర్వాత విశాఖలో చర్మ డాక్టరుగారు చెప్తేగానీ తెలియలేదు. టాటూకి వాడే క్యూ-స్విచ్డ్ లేజర్‌లో ఒక్కో వెలుగు దెబ్బ సెకనులో వంద కోట్ల వంతుల్లో ఏ కొన్ని వంతులసేపో ఉంటుందట. రంగు రేణువు పగిలిపోతుంది, చుట్టూ ఉన్న చర్మం ఉడికేంత టైమ్ ఉండదు. ఐపీఎల్ వెలుగు దానికి లక్షల రెట్లు ఎక్కువసేపు ఉంటుంది. రేణువు పగలదు, వేడెక్కి పక్కనున్న చర్మాన్ని కాలుస్తుంది. నాకు పొక్కులు లేచి, 'ల' పక్కన చింతగింజంత తెల్లమచ్చ పడింది. అదింక పోలేదు.

విశాఖలో 2022 ఆగస్టులో మొదలుపెట్టి 2024 ఫిబ్రవరికి ఏడు సిట్టింగులు పూర్తి చేశాను. నాది అరచేతిలో సగం కూడా ఉండని టాటూ. సిట్టింగుకి 3,500 తీసుకున్నారు. రైలు ఛార్జీ, షాపు మూసిన రోజుల నష్టం వేరే. మధ్యలో కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. లేజర్ పని రంగును పగలగొట్టడం వరకే. ఆ ముక్కలను మోసుకుపోయేది మన ఒంట్లో కణాలే, వాటికి టైమ్ ఇవ్వాలి. ఒకసారి "ఇరవై రోజులకే వచ్చేస్తానండీ, పెళ్లి ఉంది" అంటే డాక్టరుగారు నవ్వి, అపాయింట్‌మెంట్ ఇవ్వలేదు.

నొప్పి గురించి అందరూ అడుగుతారు. మత్తు క్రీము రాసి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి గంటసేపు కూర్చోబెడతారు. కళ్లకు నల్ల అద్దాలు. తర్వాత మూకుడులో ఆవాలు చిటపటలాడి చేతి మీద చిందినట్టు వరసగా టప్ టప్‌మని తగులుతుంది. వెంట్రుకలు కాలిన వాసన. అక్షరాలు చూస్తుండగానే సుద్దముక్కతో రాసినట్టు తెల్లబడిపోయాయి. మొదటిసారి అది చూసి అయిపోయిందనుకుని సంబరపడ్డాను. పావుగంటలో మళ్లీ నల్లగా తేలాయి. ఆ తెలుపు వేడికి చర్మంలో పుట్టే గాలి బుడగలట. మొత్తం పని రెండు మూడు నిమిషాలే. అసలు బాధ మర్నాటి నుంచి. నీటిపొక్కులు, తర్వాత చెక్కు, ఆ మీదట దురద. గీరితే మచ్చ పడుతుంది. మే నెలలో సన్‌స్క్రీన్ రాసుకుని, ఫుల్ చేతుల చొక్కా వేసుకుని బండి నడపడం ఇంకో శిక్ష.

రంగుల సంగతి ముందే తెలిసుంటే నేను గులాబీ జోలికే పోయేవాణ్ణి కాదు. నలుపుకి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (అలల పొడవు) ఉన్న వెలుగు, ఎరుపుకి 532. నలుపు నాలుగు సిట్టింగులకే బూడిద రంగుకి దిగింది. ఎరుపు ఇంకా త్వరగా పోయింది. కానీ 532 వెలుగు మన చామనచాయలోని రంగుని కూడా పట్టుకుంటుంది. పువ్వు పోయినచోట చర్మం పాలిపోయి, మామూలు ఛాయకి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇక ఆకుపచ్చ మొండిఘటం. దానికి వేరే లేజర్ కావాలి, తన దగ్గర లేదని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ ఒక్క మాటకి ఆయన మీద నమ్మకం కుదిరింది.

అక్కడ వెయిటింగ్ హాల్లో ఒక కుర్రాడు కనిపించేవాడు. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్‌కి రాశాడు, మెడికల్‌కి రెండు నెలలుంది. వాళ్ల నిబంధనల్లో ముంజేతి లోపలివైపు టాటూ ఎడమ చేతికే చెల్లుతుంది, కుడిది సెల్యూట్ చేసే చెయ్యి. అతనిది కుడి. రెండు నెలల్లో ఏ లేజరూ అంత పని చేయలేదని చెప్తే ముఖం చూడలేకపోయాను. ఇలాంటి ఉద్యోగాలకి వెళ్లాలనుకునేవాళ్లు ఏడాదిన్నర ముందే మొదలుపెట్టండి.

నిజానికి నేను వెళ్లింది మొత్తం చెరిపించుకుందామనే. ప్రతి ప్రయాణానికీ అమ్మ గుమ్మంలో నిలబడి "నా పేరు మీద అంత కోపం ఏటిరా?" అనేది. ఆవిడ ముంజేతి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు చుక్కలున్నాయి. పోయేటప్పుడు వెంట వచ్చే నగ అదొక్కటేనని ఆవిడ నమ్మకం. నాలుగో సిట్టింగు అయ్యాక డాక్టరుగారే అడిగారు: "పూర్తిగా తీసేయాలంటే ఇంకా ఐదారు పడతాయి. మీకు కావాల్సింది తీసేయడమా, సరిచేయడమా?" అప్పుడు తట్టింది, ఖాళీ కావాల్సింది ఆ వత్తు పట్టేంత చోటే కదా అని! మిగతా మూడు సిట్టింగులూ గులాబీ చుట్టూ మిగిలిన నల్ల గీతల మీదే చేయించాను.

చర్మం కుదుటపడటానికి నాలుగు నెలలు ఆగి, జూన్‌లో విశాఖలోనే ఒక టాటూ ఆర్టిస్టు దగ్గరికి వెళ్లాను. ఈసారి నేను రాసివ్వలేదు. అమ్మకి రాయడం వచ్చింది తన సంతకం ఒక్కటే, అదీ తెలుగులో. పాత క్యాలెండర్ కాగితం వెనక పదిసార్లు రాయించి, అందులో ఒకటి తీసుకెళ్లాను. మ వత్తు తోక కాస్త పొడుగ్గా కుడివైపుకి లాగేసి ఉంది. "సరిచేయమంటారా అండీ?" అన్నాడు ఆర్టిస్టు. వద్దన్నాను. ఇప్పుడు ఆ తోక వెళ్లి, పోకుండా మిగిలిన ఆకుపచ్చ ఆకుకి తగులుతోంది.