ఏడాది నుంచి వాడుతున్న వర్మీ బెడ్, నా రివ్యూ

మాకు మూడు గేదెలు. ఇన్నాళ్లూ పేడంతా దిబ్బలో వేసి వేసవిలో చేనుకి తోలేవాళ్లం. పోయినేడు ఆన్‌లైన్లో 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న వర్మీ బెడ్, అంటే పేడలో వానపాములు వేసి ఎరువు చేసే తొట్టి, తెప్పించా, ఆకుపచ్చ హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పట్టా, చుట్టూ వెదురు కర్రలు దూరిస్తే నిలబడుద్ది. గాలాడటానికి పక్కల జాలీలు ఇచ్చారు, అది బాగుంది. ఒక మూల కుట్టు ఊడితే దబ్బనంతో నేనే కుట్టుకున్నా. ఎండలో మాత్రం పెట్టొద్దు, మాది తాటాకు పందిరి కింద ఉంది.

నా బాధంతా ఎర్రలు (వానపాములు) అమ్మినాయనతోనే. ఏ పేడైనా పర్లేదు అన్నాడు, ఆ మాట నమ్మి నాలుగు రోజుల పేడ నింపేసి 3 కిలోల ఎర్రలు వదిలా. తెల్లారి చూస్తే సగం పట్టా ఎక్కి బయటికి పోతున్నాయి, పేడలో చెయ్యి పెడితే వేడి చురుక్కుమంది, చాలా చచ్చిపోయినయ్. పచ్చి పేడ కుళ్లేటప్పుడు లోపల బాగా వేడి పుడుద్ది, అది తట్టుకోలేవు. 15-20 రోజులు నీళ్లు చల్లుతూ తిరగేసి, చల్లారాకే వెయ్యాలంట. ప్రాణమున్న వాటిని అమ్మేటప్పుడు ఈ ముక్క ముందే చెప్పాలండీ.

రెండోసారి అలాగే చేశా, పైన తడి గోనెలు కప్పా. ఎర్రలు పేడని మింగి లోపల పిండిలా నూరతాయి, పేగులో ఉండే బ్యాక్టీరియా అరగని గడ్డి పీచుని విడగొడతాయి, అందులో కార్బన్ కొంత గాల్లో కలిసిపోద్ది. అందుకే నిండా వేసిన బెడ్ కిందకి దిగిపోద్ది, మిగిలినదాంట్లో నత్రజని, భాస్వరం పాళ్లు పెరుగుతాయి. 60 రోజులయ్యాక నాలుగు రోజులు నీళ్లు ఆపేశా, ఎర్రలు తడి కోసం అడుక్కి పోయినయ్, పైపైన తీసి జల్లించా. పేడ వాసన అసల్లేదు, తొలకరి మట్టి వాసన. టీ పొడిలా నల్లగా, వేళ్లతో నలిపితే పీచు కూడా తగల్లేదు. జల్లెడలో బుల్లి నిమ్మకాయల్లా పసుపు గుడ్లు కనపడ్డాయి, అవి పారేయొద్దు, మళ్లీ బెడ్‌లోనే వేసెయ్యండి, ఒక్కోదాంట్లోంచి రెండు మూడు పిల్లలొస్తాయి.

గేదెలున్నవాళ్లు బెడ్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఎర్రలు మాత్రం ఆర్డర్ పెట్టొద్దు, దగ్గర్లో ఎవరైనా పెంచే రైతు దగ్గరికి వెళ్లి, చేతిలో వేసుకుంటే మెలికలు తిరిగేవే తెచ్చుకోండి.