కేబీఆర్ పార్కులో ఉదయపు నడక: ఏడాది పాసు తీసుకోదగినదేనా?

హైదరాబాదులో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ నడుమ 350 ఎకరాలకు పైగా విస్తరించిన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం 1998లో ఆ హోదా పొందింది. అందులో నడవడానికి ఏడాది పాసు అవసరమా అని 2020కి ముందు ఎవరైనా అడిగి ఉంటే, అది విలాసమనే చెప్పి ఉండేదాన్ని.

ఆ ఏడాది మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ మొదలై పార్కులన్నీ మూతపడ్డాయి. నా ఉద్యోగం పోలేదు, ఇంట్లో ఎవరికీ జబ్బు చేయలేదు. అయినా జూన్ నాటికి నిద్ర కరువైంది, చిన్న మాటకే పిల్లల మీద విసుక్కునేదాన్ని. పొద్దుపోయేదాకా వంటింటి పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసి, ఆ తరువాత లేచి వెళ్లే చోటు లేక, అదే కుర్చీలో ఫోను చూస్తూ ఉండిపోయేదాన్ని. ఏడాది రుసుము ముందే కట్టించుకున్న జిమ్ వారు ఆన్‌లైన్ తరగతులు పెట్టారు గానీ, తెర ముందు ఒంటరిగా చేతులు ఊపడం వల్ల ఊరట కలగలేదు.

ఆంక్షలు సడలించాక పార్కులో తిరిగి అడుగుపెట్టిన రోజున, పేరైనా తెలియని ఒక పెద్దాయన మాస్కు వెనక నన్ను గుర్తుపట్టి, "ఏమ్మా, ఇంట్లో అందరూ క్షేమమేనా?" అని అడిగారు. బదులు చెప్పబోతే గొంతు పూడుకుపోయింది. అన్ని నెలలూ ఇంటివారితో, ఆఫీసువారితో మాట్లాడుతూనే ఉన్నాను. నేను పోగొట్టుకున్నది ఇలాంటి ముఖపరిచయాలనేనని అప్పుడు తెలిసింది. అందుకే 2021 మే 12న తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ విధించినప్పుడు రోజూ మేడ మీద అరగంట నడుస్తూ, పక్క మేడల మీది వారిని పలకరించాను. కొంత మేలు చేసింది.

ఇక పార్కు విషయానికి వస్తే, రాతిగుట్టల నడుమ ఎత్తుపల్లాలతో సాగే దారి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు మెల్లగా నడవాలి. ఒక్కోసారి నెమలి పింఛం ఈడ్చుకుంటూ దారికి అడ్డంగా వెళ్తుంది. అది పొదల్లోకి వెళ్లేదాకా ముందువాళ్లు, వెనకవాళ్లు అందరూ ఆగిపోతారు, దుమ్ములో సన్నని గీతలు మిగులుతాయి. ఆ అర నిమిషం కోసమైనా పాసు తీసుకోవచ్చునని నా అభిప్రాయం. వెళ్లేవారు రోజూ ఒకే వేళకు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకుండా వెళ్లాలని కోరుతున్నాను. పరిచయాలు అలాగే ఏర్పడతాయి.

నేను ఈ ఏడాదికీ పాసు తీసుకున్నాను. పెద్దాయన ఇప్పుడు చేతికర్రతో వస్తున్నారు. మొదటి మలుపు దాకా నా నడకను ఆయన నడకకు తగ్గించుకుంటున్నాను.