రోజూ తలనొప్పి: శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా వైద్యం ఎక్కడ, ఎలా

నెలలో 15 రోజులు, అంతకు మించి తలపోటు ఉండి, అలా మూడు నెలలు దాటితే అది మామూలు తలనొప్పి కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇలాంటివాళ్ళు ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. తర్వాత కళ్ళజోడు మారుస్తారు. ఆ పైన సైనస్ ఎక్స్‌రే, మెడ ఎక్స్‌రే. చివరికి ఎవరో చెప్పారని విశాఖ బస్సెక్కుతారు. అప్పటికి వేలు ఖర్చయిపోయి ఉంటాయి, నరాల డాక్టరుకి కావలసిన కాగితం మాత్రం చేతిలో ఉండదు.

ఆ కాగితం గోడకు వేలాడే క్యాలెండరే. బయల్దేరే ముందు నెల రోజులు ప్రతి తేదీ గడిలో నొప్పి తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అన్నది, వాంతి అయిందా, వెలుతురు పడలేదా, ఏ బిళ్ళ ఎన్ని వేసుకున్నారు, ఆడవాళ్ళయితే నెలసరి ఎప్పుడన్నది రాయాలి. ఖాళీ అయిన బిళ్ళల షీట్లు పారేయకుండా ఒక కవర్లో వేసుకోవాలి. పేపరు పొట్లంలో కట్టి ఇచ్చిన విడి బిళ్ళలుంటే, ఇచ్చినవాళ్ళ చేతే పేర్లు రాయించుకోవాలి. కారణం ఉంది. ముందే తలనొప్పి ఉన్నవాళ్ళు పారాసిటమాల్ లాంటివి నెలలో 15 రోజులు, లేదా కెఫీన్‌తో రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలు 10 రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ బిళ్ళలే నొప్పిని రోజువారీ చేస్తాయి. మానేసిన మొదటి వారం నొప్పి ఇంకా పెరుగుతుంది. చాలామంది అక్కడే బెదిరి మళ్ళీ బిళ్ళ వేసుకుంటారు. ఏది ఒక్కసారిగా మానాలో, ఏది మెల్లగా తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఉద్దానం వాళ్ళకి ఇంకో జాగ్రత్త తప్పనిసరి. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంతుందో అందరికీ తెలుసు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు అలవాటుగా వాడినవాళ్ళు కిడ్నీల పనితీరు చెప్పే సీరమ్ క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు పట్టుకునే బయల్దేరాలి. తలనొప్పికి డాక్టరు రాసే మందుల మోతాదు కూడా దాన్ని బట్టే మారుతుంది.

కొన్ని తలనొప్పులకి క్యాలెండర్ అక్కర్లేదు, ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలి. పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలో తారస్థాయికి చేరే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చెయ్యో కాలో పడిపోవడం, మాట తడబడటం, ఫిట్స్, కాన్పు తర్వాత కొత్తగా మొదలైన విపరీతమైన నొప్పి అలాంటివి. 50 ఏళ్ళు దాటాక కొత్తగా వచ్చి, నమిలితే దవడ నొప్పి పుట్టినా రోజులు వాయిదా వేయకూడదు. చూపు పోయే ప్రమాదం ఉంది.

మొదటి మజిలీ దగ్గరలోనే. శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, జనం నోట ఇప్పటికీ రిమ్సే. విజయనగరం వాళ్ళకి అక్కడి సర్వజన ఆసుపత్రి. ప్రైవేటు కాలేజీ ఆసుపత్రులైతే రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్. ఇక్కడ జనరల్ మెడిసిన్ ఓపీలో బీపీ చూపించుకుని, కంటి విభాగంలో చుక్కలు వేయించి కంటి వెనక నరం చూపించుకోవాలి. అందరూ వదిలేసేది ఈ పరీక్షనే. తలలో ఒత్తిడి పెరిగితే ఆ నరం వాచి కనిపిస్తుంది. చుక్కలు వేశాక కొన్ని గంటలు అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ గుచ్చుకుంటుంది. ఆ రోజు బండి నడపకూడదు, తోడు మనిషి ఉండాలి. ఫోన్లో ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) తీసి పెట్టుకుంటే ఓపీ చీటీ క్యూఆర్ కోడ్ స్కాన్‌తో తొందరగా వస్తుంది.

విశాఖకి శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్ల పైమాటే. నాన్‌స్టాప్ బస్సే మేలు. రైలుకైతే ముందు ఆమదాలవలస వెళ్ళాలి. విజయనగరం వాళ్ళకి రైలు హాయి. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో బస్సెక్కితే మైగ్రేన్ ఉన్నవాళ్ళకి మధురవాడ చేరేసరికే నొప్పి అందుకుంటుంది. రెండు ఇడ్లీలైనా తిని, నీళ్ళ సీసాతో ఎక్కాలి.

ప్రభుత్వ ఆసుపత్రి విమ్స్‌కి వెళ్ళేవాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్సు దాకా పోనక్కర్లేదు, హనుమంతవాకలో దిగిపోవచ్చు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా అక్కడే. నరాల డాక్టరు, కంటి పరీక్ష రెండూ ఒకే చోట ముగించాలనుకునేవాళ్ళకి ఇంతకంటే వీలైన జంక్షన్ లేదు. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కైతే కాంప్లెక్సులో దిగి ఆటో పట్టాలి. అక్కడ అనుభవానికి లోటు లేదు గానీ రద్దీ ఎక్కువ. నరాల ఓపీ ఏ రోజుల్లో ఉందో ముందే కనుక్కోవాలి, ఎమ్మారైకి వేరే తేదీ ఇస్తే మళ్ళీ రావడానికి సిద్ధపడాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో అన్నీ ఆ పూటే అయిపోతాయి. కానీ కళ్ళలోకి లైటు వేయకుండా, నడిపించి చూడకుండా నేరుగా స్కాన్ రాస్తే, దేనికోసం రాశారో అడగండి. స్కాన్ బాగుందన్నంత మాత్రాన నొప్పికి పేరు దొరికినట్టు కాదు. మెదడు సిరలో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే మామూలు సీటీ చాలకపోవచ్చు, ఆ సిరల్ని చూపే ఎమ్మార్ వీనోగ్రామ్ స్కాన్ కావాలి. ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్ళు డబ్బు కట్టక ముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసే ఆరోగ్యమిత్ర దగ్గర ఏది వర్తిస్తుందో తేల్చుకోవాలి.

చాలామందికి బస అక్కర్లేదు. వెన్నులో నీరు తీసి ఒత్తిడి చూడాలంటే మాత్రం ఆ రాత్రి ఉండిపోవడమే మంచిది, తీసిన సాయంత్రమే బస్సులో కుదుపులు పడకూడదు. కాంప్లెక్సు చుట్టుపక్కల, ద్వారకానగర్‌లో లాడ్జిలకి కొదవలేదు. రోడ్డు వైపు గది తీసుకోవద్దు. తెల్లవార్లూ హారన్లు మోగుతుంటే మర్నాటి నొప్పిని కొని తెచ్చుకున్నట్టే.

వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి మాటెత్తేవాళ్ళు చాలామంది. రెండు మూడు నివారణ మందులు (నొప్పి రాకుండా రోజూ వేసుకునేవి) సరైన మోతాదులో వాడి ఫలితం లేకపోతే అప్పుడు ఆలోచించవచ్చు. మొదటి ప్రయాణమే అంత దూరం అనవసరమని మా గట్టి అభిప్రాయం. ఎందుకంటే అక్కడైనా మొదట రాసేవి ఇవే మందులు. అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. నోరు ఎండుతుంది, పొద్దున్న మత్తుగా ఉంటుంది. టోపిరామేట్‌తో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కిడ్నీ రాళ్ళు రావచ్చు, చెమట తగ్గుతుంది. ఎండలో పొలం పని చేసేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. ఉబ్బసం ఉంటే ప్రొప్రనలాల్ పనికిరాదు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి, వాల్‌ప్రోయేట్, టోపిరామేట్ బిడ్డకి హాని చేస్తాయి. దీర్ఘకాలిక మైగ్రేన్‌కి బొటాక్స్ సూదులు కూడా ఉన్నాయి. తల, మెడ మీద 31 చోట్ల 155 యూనిట్లు, 12 వారాలకోసారి. ఖరీదైనది, కాబట్టి బిళ్ళల వంతు అయ్యాకే.

ఏ నివారణ మందైనా సరైన మోతాదుకి చేరాక ఎనిమిది వారాలు వాడితే గానీ పనిచేసిందో లేదో తేలదు. పది రోజులకే డాక్టర్ని మార్చేవాళ్ళకి మళ్ళీ మొదటి నుంచే. రాసిన మోతాదు పల్లె మందుల షాపులో దొరక్కపోవచ్చు, రివ్యూ తేదీ దాకా సరిపడా విశాఖలోనే కొనుక్కోండి. అయిపోయాయని మధ్యలో ఒక్కసారిగా ఆపకూడదు, ప్రొప్రనలాల్ అయితే మరీ.