ట్రావెల్ ట్రైలర్ వెనక రెండు ఈ-బైకులు: ఏళ్ల తరబడి వాడాక రిసీవర్ ర్యాక్ మీద సమీక్ష

ట్రావెల్ ట్రైలర్ (వాహనం వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) వెనక సైకిళ్లు తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందు ర్యాక్ గురించే అడుగుతారు: ఎన్ని సైకిళ్లు పడతాయి, ధరెంత అని. ఇన్నేళ్ల వాడకం తర్వాత నేను చెప్పేది ఒకటే. ర్యాక్ దేనికి తగిలించారన్నది మొదట చూడాలి. సైకిళ్లు ఎక్కాక ట్రైలర్ ముందువైపు బరువు ఎంత తగ్గిందో రెండోది. ర్యాక్ ఏ కంపెనీదన్నది ఆ తర్వాతే.

నా అమరిక ఇదీ. కప్లర్ (వాహనానికి తగిలించే ముందు కొస) నుంచి బంపర్ దాకా 30 అడుగుల ట్రైలర్, సామానుతో కలిపి సుమారు 6,000 పౌండ్లు. ట్రైలర్ కింద పొడవునా ఉండే ఫ్రేం రెయిళ్లకు అడ్డంగా వెల్డ్ చేయించిన 2 అంగుళాల రిసీవర్, అంటే ర్యాక్ గొట్టం దూర్చే చదరపు గూడు. అందులో, ట్రైలర్ వెనక వాడవచ్చని మాన్యువల్లో స్పష్టంగా రాసి ఉన్న ప్లాట్‌ఫాం ర్యాక్. చక్రాలు ట్రేలో కూర్చుంటాయి, పైనుంచి ఒక కొక్కెం ఫ్రేంను పట్టుకుంటుంది. ర్యాక్ 65 పౌండ్లు, ఒక్కో ఈ-బైకు 60.

బంపర్‌కు మాత్రం బిగించకండి. ట్రైలర్ వెనకుండే ఆ 4 అంగుళాల చదరపు గొట్టం చూడటానికి దిట్టంగా ఉంటుంది కానీ అది పలుచని రేకు. చాలామంది అందులో మురుగు పైపు పెట్టుకుంటారు. రెండు చివర్లా కురచ వెల్డ్‌లతో ఫ్రేంకు అంటుకుని ఉంటుంది. స్పేర్ టైరు కూడా దానికే ఉంటే, మోయగలిగింది ఇప్పటికే మోస్తోందన్నమాట. పైగా ర్యాక్ బరువు గొట్టాన్ని కిందికి లాగడంతో ఆగదు, మెలిపెడుతుంది. బంపర్‌కు అడుగున్నర వెనక 185 పౌండ్లు వేలాడితే మెలి దాదాపు 280 అడుగు-పౌండ్లు. అదీ ట్రైలర్ కదలకుండా నిలబడి ఉన్నప్పుడు. గుంతలో పడిన ప్రతిసారీ అది పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. వెల్డ్ ఒక్కసారిగా ఊడదు. ముందు పెయింటులో వెంట్రుకంత చీలిక, తర్వాత ఆ గీత వెంట తుప్పు, చివరికి ఒకరోజు హైవే మీద బంపర్, ర్యాక్, సైకిళ్లు కలిసే వెనక వచ్చే కారు ముందు పడతాయి. బంపర్‌ను ఫ్రేంకు కలిపే అదనపు పట్టీలు దొరుకుతాయి. పాత బంపర్ ఊడి రోడ్డు మీద పడకుండా అవి ఆపుతాయేమోగానీ, గొట్టం మెలిపడటాన్ని ఆపలేవు.

కారు వెనక ఏళ్లు బాగా పనిచేసిన ర్యాకే ట్రైలర్ వెనక విరగడానికి కారణం కొలతల్లోనే ఉంది. కారులో వెనక చక్రాల నుంచి ర్యాక్ దాకా నాలుగైదు అడుగులు. నా ట్రైలర్‌లో ఇరుసుల మధ్య నుంచి 15 అడుగులు. కప్లర్ దగ్గర కదలకుండా ఉండి చక్రాలు ఒక అంగుళం లేస్తే, ర్యాక్ దగ్గర దాదాపు రెండు అంగుళాలు లేస్తుంది. పైగా ఎక్కువ ట్రైలర్లకు లీఫ్ స్ప్రింగులే తప్ప షాక్ అబ్సార్బర్లు ఉండవు. హ్యూస్టన్ నుంచి గల్ఫ్ తీరానికి వెళ్లే మనవాళ్లకు ఐ-10 మీద లఫాయెట్ దాటాక వచ్చే అచఫలయ వంతెన తెలిసే ఉంటుంది. 18 మైళ్ల పొడవునా కాంక్రీటు అతుకులే. అక్కడ వెనక కెమెరాలో సైకిళ్లు ఎగిరే తీరు చూస్తే, ర్యాక్ మీద ‘ఆర్వీ’ (ఇలాంటి చక్రాల ఇళ్లకు పనికొస్తుందని) అన్న ముద్ర ఎందుకు కావాలో అర్థమవుతుంది. మాన్యువల్ తప్పక చదవండి. కొన్ని ర్యాకులకు కారు వెనక ఒక పరిమితి, ట్రైలర్ వెనక అందులో సగం ఉంటుంది. కొన్నిటికి ట్రైలర్ అసలు కుదరదనే రాసి ఉంటుంది. హాలీవుడ్ ర్యాక్స్ వారి ఆర్వీ రైడర్ లాంటివి ఈ పని కోసమే చేసినవి.

రిసీవర్ పెట్టించేటప్పుడు వెల్డర్‌తో రెండు మాటలు ముందే తేల్చుకోండి. బరువు రెండు ప్రధాన రెయిళ్ల మీద పడాలి, బంపర్ మీద కాదు. బోల్టులతో బిగించే రకమైతే ఐ-బీం (I ఆకారపు రెయిలు) నిలువు పలకలోనే రంధ్రాలు వేయాలి, పైన కింద ఉండే అంచుల్లో వేయకూడదు. వంపు బలమంతా మోసేది ఆ అంచులే. రిసీవర్‌ను పొడిగించే గొట్టం కూడా వద్దు. మెలి పెరుగుతుంది, రేటింగ్ పడిపోతుంది.

ఇక ఎక్కువమంది పట్టించుకోని లెక్క. సైకిళ్లు లేకుండా నా టంగ్ వెయిట్, అంటే కప్లర్ వాహనం మీద మోపే బరువు, 720 పౌండ్లు; ట్రైలర్ మొత్తం బరువులో 12 శాతం. ఇది 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. ఇరుసులకు 15 అడుగుల వెనక 185 పౌండ్లు పెడితే, ఇరుసులకు 17 అడుగుల ముందున్న కప్లర్ దగ్గర 185 × 15 ÷ 17, అంటే 163 పౌండ్లు తేలిపోతాయి. మిగిలేది 557. మొత్తం బరువు 6,185 కాబట్టి సరిగ్గా 9 శాతం. పక్కనుంచి పెద్ద లారీ దాటితే తోక ఊగడానికి ఇది చాలు. దిద్దుబాటు సులువే: ఇరుసులకు 10 అడుగుల వెనకున్న 100 పౌండ్ల సామాను (టిన్నులు, పనిముట్లు, జనరేటర్ లాంటివి) 8 అడుగుల ముందున్న స్టోరేజీలోకి మార్చితే 106 పౌండ్లు తిరిగి వస్తాయి. అప్పుడు 10.7 శాతం. మంచినీళ్ల ట్యాంకు ఇరుసుల ముందుందా వెనకుందా చూసుకోండి. గ్యాలను నీళ్లు 8.3 పౌండ్లు. సైకిళ్లు ఎక్కించాక ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద తూచితే అనుమానం ఉండదు. ట్రైలర్ తగిలించి ఒకసారి, ట్రైలర్ విడదీసి వాహనాన్ని మాత్రమే మరోసారి తూచాలి. తగిలించినప్పుడు వాహనం ఇరుసుల మీద అదనంగా కనిపించేదే టంగ్ వెయిట్. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (టంగ్ బరువును ఇతర ఇరుసులకు పంచే కొక్కెం) ఉంటే ఈ తూకానికి దాని బార్ల బిగింపు తీసేయాలి, లేకపోతే అంకె తక్కువ చూపిస్తుంది.

ఎక్కించే పద్ధతి. బ్యాటరీలు తీసి వాహనంలో పెట్టాలి. ఒక్కోటి ఏడెనిమిది పౌండ్లు తగ్గుతుంది, వర్షంలోనూ భద్రం. బయటపడిన కనెక్టర్ల మీద టేపు అంటించండి. సీసాలు, బ్యాగులు, డిస్‌ప్లే, ఊడొచ్చేవన్నీ లోపలికే. బరువైన సైకిలు ట్రైలర్‌కు దగ్గరగా, రెండోదాన్ని ఎదురు దిశలో పెడితే హ్యాండిళ్లు తగులుకోవు. చక్రాల పట్టీలు బిగించాక, ముందు చక్రాన్ని వెల్క్రో పట్టీతో ఫ్రేంకు కట్టాలి. లేకపోతే గాలికి హ్యాండిల్ అటూ ఇటూ తిరుగుతూ పక్క సైకిలును రాస్తుంది. రెండు సైకిళ్లనూ కలిపి ర్యాక్ నిలువు కడ్డీకి క్యామ్ పట్టీ (లాగి బిగిస్తే బకిల్ నొక్కి పట్టే పట్టీ) వేయండి. ఫ్రేములు తగిలే చోట నీటి పైపులకు చుట్టే నురుగు గొట్టం ముక్కలు చాలు. వెనకున్న నిచ్చెనకు మాత్రం కట్టకండి. అది పలుచని గోడకు స్క్రూలతో నిలబడి ఉంటుంది. లాగుడుకు స్క్రూలు వదులైతే నీళ్లు గోడలోకి చేరతాయి, మరమ్మతు ఖర్చు సైకిళ్ల కంటే ఎక్కువవుతుంది. సైకిలు కవర్లూ వేయొద్దు. గాలి పట్టి ర్యాక్ మీద లాగుడు పెంచుతాయి, పెయింటు గీకుతాయి, లైట్లు కప్పేస్తాయి.

ర్యాక్ గొట్టానికీ రిసీవర్‌కూ మధ్య వదులు ఉండకూడదు. 5/8 అంగుళాల పిన్ దాన్ని పట్టుకుంటుంది కానీ ఊగడం ఆపదు. యూ-బోల్టు రకం బిగింపు విడిగా వేయాలి. బయల్దేరిన పది మైళ్లకు ఒకసారి ఆగి అన్నీ మళ్లీ బిగించండి, ఆ తర్వాత పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ. పట్టీలు మొదటి అరగంటలోనే ఎక్కువ వదులవుతాయి. నంబరు ప్లేటు, బ్రేకు లైట్లు వెనక నిలబడి చూసుకోవాలి. కప్పేస్తే వాటిని ర్యాక్ మీదికి మార్చాలి. పెట్రోలు బంకు వాలుల్లో ర్యాక్ నేలకు రాసుకుంటుంది, వంకరగా మెల్లగా ఎక్కాలి.

వాడకంలో అరిగినవి: రాచెట్ పట్టీల పళ్లు ఎండకు పెళుసెక్కాయి, వాటిని విడిగా కొని మార్చుకోవచ్చు. పైకి మడిచే కీలు దగ్గర బుష్ అరిగి ఊగుడు వచ్చింది. రిసీవర్‌లో తుప్పు చేరితే ర్యాక్ బయటికి రాదు, అందుకే సీజన్‌కు ఒకసారి తీసి యాంటీ-సీజ్ (లోహాలు పట్టేయకుండా పూసే గ్రీజు లాంటిది) పూస్తాను. వెల్డ్‌లన్నీ టార్చి వేసి చూడటం కూడా అప్పుడే. వీటిలో ఏదీ ర్యాక్ వద్దనుకునేంత లోపం కాదు.

ట్రైలర్ ముందు, దాన్ని ఎత్తి దించే జాక్ దగ్గర నిలబెట్టే లెట్స్ గో ఏరో వారి జాక్-ఇట్ లాంటివీ ఉన్నాయి. అక్కడ కుదుపు తక్కువ, అద్దంలో సైకిళ్లు కనిపిస్తుంటాయి. కానీ ఆ బరువంతా టంగ్ మీదే పడుతుంది. ఎస్‌యూవీ పేలోడ్ (మోయగల బరువు) ఇప్పటికే నిండి ఉంటే కుదరదు. వెనక్కి తిప్పేటప్పుడు హ్యాండిల్ వాహనం వెనక అద్దానికి తగలకుండా, పూర్తిగా తిప్పిన స్థితిలో టేపుతో కొలిచాకే కొనండి. మామూలు సైకిళ్లు రెండే అయితే, ముందు చక్రాలు తీసి ట్రైలర్ లోపల ఇరుసుల మీదుగా పడుకోబెట్టడం నా లెక్కలో అన్నిటికంటే మంచిది. కార్బన్ ఫ్రేములకైతే అదే దారి. ఫ్రేంను నొక్కి పట్టే కొక్కెం కింద వాటిని పెట్టకూడదు. పిల్లల 16 అంగుళాల చక్రాలు చాలా ట్రేలలో సరిగ్గా కూర్చోవు, వాటినీ లోపలే పెట్టండి.